పట్టీలు తీసిన వారం

పెళ్ళై ఇంకా నెల కాలేదు. నా కాళ్ళ పట్టీలు ఘల్లుమంటే నాకే నవ్వొస్తుంది. బోధన్ బస్టాండులో బండి దిగుతుంటే మా ఆయన మధుకర్ రోజూ అదే మాట: "మా ఇంటికి పెండ్లాం వచ్చిందా, బ్యాండుమేళం వచ్చిందా?"

నేను పాలియేటివ్ కేర్ నర్సును. నయం కాని జబ్బుతో మంచం పట్టినవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి, నొప్పికి మందిచ్చి, పుండ్లు కడిగి వస్తాను. సెలవు ముగిశాక మొదటిరోజు రుక్మాబాయి ఇంటికి మోగుతూనే వెళ్ళాను. ఆమె చూపు నా కాళ్ళమీదే నిలిచింది. పోతున్న మనిషి ముందు ఈ సంబరమేమిటని సిగ్గేసింది. మరుసటిసారి సందు మొదట్లోనే పట్టీలు తీసి బ్యాగులో వేసుకున్నాను. ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. మొదటిరోజు చప్పుడే ఆమెను నొప్పించిందనుకున్నాను. ఈ పనికి నేను తగనని తేల్చుకున్నాను.

శనివారం నిజామాబాద్‌లో సూపర్‌విజన్. మొదట్లో దాన్ని తనిఖీ అనుకునేదాన్ని. కాదు. ఇళ్ళలో చూసి మనసులో మోస్తున్నదాన్ని పెద్ద నర్సు ప్రమీలక్కకు చెప్పుకోవడం. పట్టీలు బల్లమీద పెట్టి, ఆసుపత్రి వార్డుకు మార్చమని ఏడ్చాను. ఆమె టీ చల్లారిపోయింది. మధ్యలో ఒక్కసారీ అడ్డురాలేదు. మనిషి మనిషిని ఇలా వినగలదా అని ఏడుస్తూనే విస్తుపోయాను.

"ఎవరి కోసం తీసినవ్ సుష్మా?"

"రుక్మాబాయి కోసమే అక్కా."

"ఆమెను అడిగినవా?"

బల్లమీది పట్టీలను చేతిలోకి తీసుకున్నాను.

"మారుతనంటే నేనే మార్పిస్త. ముందుగాల గామెనడుగు."

సోమవారం చెరుకు ట్రాక్టర్ల వెనకే బోధన్ సందుల్లోకి నడిచాను, పట్టీలతో. నేను గడప దాటకముందే రుక్మాబాయి ఇటు తిరిగి ఉంది.

"పట్టీలేడవోయినయే పిల్లా మొన్న? నీ మొగడు కుదువబెట్టిండా?"

"నీకు బాధైతదని తీసిన అవ్వా."

"నాకా?" నవ్వబోయి దగ్గింది. "అందరు నా తానకు పిల్లి లెక్క వస్తరు. సచ్చిన్నో లేదో సూసినట్లే. నీ ఒక్కదాని చప్పుడు సందుల అడుగువెట్టినకాంచి వింట. గా చప్పుడు గూడ బంద్‌జేస్తివి. అందుకే అలిగిన."

అలిగింది! దుప్పటి కింద ఉందో లేదో తెలియనంత చిక్కిన ఆ ఒంట్లో అలక ఇంకా మిగిలే ఉంది.

"ఓపాలి వాకిట్లకు పోయి రా," అంది. వెళ్ళి వచ్చాను. కళ్ళు మూసుకుని, చాపమీద వేలితో నా అడుగులకు తాళం వేసింది.

మళ్ళీ శనివారం నేనింకా ఘల్లుఘల్లున మెట్లెక్కుతూనే ఉన్నాను. పైనుంచి ప్రమీలక్క గొంతు వినబడింది:

"ఇంకో చాయ్ తే బిడ్డా. మా సుష్మ వస్తున్నది."