రాయి దొరకని దావ

పీరా సాబ్ ఆదోని కొండలో రాళ్లు కొట్టే మనిషి. కుక్కలంటే ఆయనకు లెక్కలేదు. మొరిగితే వంగుతాడు, అంతే. చెయ్యి నేలకు తగలకముందే కుక్క తోక ముడిచి సందులో దూరతాది. ఆదోని కుక్కలకు రాతి దెబ్బ తెలియని రోజు లేదు.

కర్నూలు రాజధాని అయిన మరుసటి ఏడు, ముసురు పట్టిన ఒక పొద్దున ఆయన పెద్దకడుబూరు బండిదావ పట్టినాడు. భుజాన మేకపిల్ల, చేతిలో కట్టె, మెడతాడుతో వెనక దాని తల్లి. కూతురు బషీరాబీ బిడ్డను కని కన్ను మూసింది. మట్టి చేసి ఇల్లు చేరినాడో లేదో, అల్లుడు హుస్సేన్ కబురంపినాడు: పసిదానికి ఆవుపాలు పడలేదు, తాగింది తాగినట్టే కక్కుతాంది, ఊళ్లో పాలమేక లేదు అని. రోడ్డు తెగి బస్సు నిలిచిపోయింది. ఇంట్లో ఈనిన మేక ఒకటుంది. కొత్త దావలో మేక అడుగు పెట్టదు. పిల్లను తువాలులో చుట్టి భుజాన వేసుకుంటే మాత్రం ఎంత దూరమైనా వెంట వస్తాది.

సగం దావలో లక్ష్మప్ప బండి ఎదురైంది. పెద్దకడుబూరు రైతే, ఎరిగిన మనిషి.

"ఏం సాబన్నా, నువ్వు మేకను తోలుకపోతాండావా, మేక నిన్ను తోలుకపోతాందా?"

"మనవరాలికి పాలప్పా."

లక్ష్మప్ప నవ్వు ఆగిపోయింది. "అయ్యో, బషీరాబీ సంగతి ఇన్న్యా. సూసి పో అన్నా. వంక దాటినాక కుక్కలుండాయి. తెగులొచ్చి సచ్చిన గొర్రెల్ని ఆడ పారేసినారు. పచ్చిమాంసం మరిగినాయి ముండలు."

"కుక్కలే కదప్పా. వంగితే పోతాయి."

"మా కుక్కలు పోవు. బండెక్కు, ఎనక్కి పోదాం. రేపొద్దువు."

"రేపటిదాకా పసిది ఆగల్ల గదప్పా."

లక్ష్మప్ప ఎద్దులను అదిలించినాడు.

వంక దాటినాక నల్లరేగడి నానిపోయి ఉంది. చెప్పులు బురద మింగేసింది. తుమ్మచెట్ల కింద నుంచి కుక్కలు లేచినాయి. మొరగలేదు.

వంగినాడు. కుక్కలు కదల్లేదు. చేత్తో నేల తడిమినాడు. వేళ్లకు బురద తప్ప ఏమీ తగల్లేదు. రేగడిలో రాయి పుట్టదు. ఆ కుక్కలు బుద్ధెరిగి రాతి దెబ్బ తిన్నవి కావు. వంగిన మనిషి వాటికి పొట్టి మనిషి, అంతే. బతుకంతా రాళ్లు పగలగొట్టినోడికి ఆ పొద్దు ఒక్క రాయి కరువైంది.

బురద ముద్ద విసిరినాడు. ఒక కుక్క దాన్ని వాసన చూసి ఇంకా దగ్గరికొచ్చింది. కట్టెతో కొడితే ఇంకోటి కట్టె పట్టి లాగేసింది. వెనకది మేక తొడ పట్టింది. మేక అరిచింది. భుజాన పిల్ల బదులు పలికింది. తన్నబోయి కాలు జారి మోకాళ్ల మీద పడినాడు. ఎర్రకుక్క పొదుగు కిందికి మూతి పెట్టింది.

"యా అల్లా, పొదుగొద్దు! పొదుగొద్దు!"

తువాలు విప్పినాడు. పిల్ల వెచ్చగా ఉంది. పాలనుకుని ఆయన వేలు చీకింది. దాన్ని చేతనైనంత దూరం విసిరేసినాడు.

కుక్కలన్నీ అటు పోయినాయి. మేక కూడా అటే గుంజింది. తాడు చేతికి చుట్టుకుని ఈడ్చినాడు. చెవులు మూసుకోడానికి చెయ్యి ఖాళీ లేదు.

హుస్సేన్ తల్లి లాలాబీ బిడ్డను ఒళ్లో పెట్టుకుని వాకిట్లోనే కూర్చోనుంది. బిడ్డ ఏడవడం లేదు. ఏడ్చే సత్తువ లేదు. పీరా సాబ్ చెంబు తీసుకుని మేక పక్కన కూలబడినాడు. పిండినాడు. చుక్క రాలేదు. మేక దావ వైపు తలెత్తి అరుస్తానే ఉంది.

"బిగబట్టిందన్నా. పిల్లను ఇడువు, పాలు సేపుతాది. పిల్లేది?"

ఆయన చెంబు కింద పెట్టినాడు.

"ఆదోనిలో ఇడ్సొచ్చినావా? మగోళ్ల తెలివి! పిల్ల లేకుండా ఏ తల్లి పాలిస్తాది?"

"తెచ్చినా చెల్లీ. దావలో ఇచ్చేసినా."

"ఎవురికి?"

"కుక్కలకు."

దూడ చచ్చిన ఆవుకు దూడ తోలు చూపి పాలు పిండేది ఇద్దరూ ఎరిగిందే. ఈడ తోలు కూడా మిగల్లేదు. ఆయన భుజాన తువాలు మిగిలింది. దాంట్లో పిల్ల ఉచ్చ పోసిన తడి ఇంకా ఆరలేదు.

తువాలు తీసి చూసినాడు. బిడ్డను అందుకుని దాంట్లో చుట్టి మేక మూతి కాడ పెట్టినాడు.

మేక అరుపు సగంలో ఆపింది. ముక్కు పెట్టి చానాసేపు చూసింది. గుడ్డ నాకింది. ఆనెక బిడ్డ నెత్తి నాకింది. లాలాబీ గబగబా పొదుగు కింద కూర్చుంది. చెంబులో పాలు చురచురమన్నాయి.

దూదివత్తి ముంచి బిడ్డ నోట్లో పిండింది. బిడ్డ మింగింది. ఇద్దరూ దాని నోటి దిక్కే చూసినారు. కక్కలేదు.

"ఆ తువాలు ఉతకొద్దు చెల్లీ," అన్నాడు పీరా సాబ్.

మేక ఇంకా నాకతానే ఉంది. ఆయన దాని కళ్లలోకి చూడలేక గోడ వైపు తిరిగి కూర్చున్నాడు.