హన్నమ్మ తివాచీ ఎక్కిన రోజు

పొద్దున్నే ఏలూరు తాలూకా ఆఫీసు తలుపులు తీయగానే బంట్రోతు తాతాజీ తివాచీ దులిపి, గుమ్మం దగ్గర్నుంచి తాసిల్దారు గారి బల్లదాకా పరిచేవాడు. ఏలూరులో నేసిన తివాచీయే, ఎర్రంచుది. అర్జీ పట్టుకుని దానిమీద నిలబడితే చాలు. న్యాయమైన అర్జీ అయితే మనిషిని మెల్లగా బల్లదాకా తీసుకుపోయేది. కాకపోతే తిన్నగా వరండాలోకి దింపేసేది. అంతా అందరి కళ్ళముందే! తాసిల్దారు యాకోబు గారు వచ్చి దాన్ని వేయించిన దగ్గర్నుంచి జనానికి ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగే బాధ తప్పింది. ఒకసారి రైసుమిల్లు ఆసామి ఒకాయన్ని కండువా, గొడుగుతో సహా బయటికి దింపితే, ఆయన గొణుక్కుంటూ జట్కా ఎక్కి వెళ్ళిపోయాడు.

ఆ యాకోబు గారి తల్లే హన్నమ్మ. పెదపాడు మిషన్ బడిలో పంతులమ్మగా చేసి రిటైరైంది. కొడుకంటే ఆవిడకి మామూలు గర్వం కాదు. చర్చిలో ప్రార్థన మధ్యలో కూడా "మా తాసిల్దారు" అనకుండా ఉండలేకపోయేది.

ఇప్పుడు మిషన్ వాళ్ళిచ్చిన ఇల్లు ఖాళీ చెయ్యాలి. కొడుకు తన దగ్గరికి వచ్చెయ్యమంటాడు. ఆవిడకేమో బతుకంతా ఎవరో ఇచ్చిన కప్పు కిందే గడిచింది, ఇకనైనా సొంత గడప ఉండాలని ఆశ. పెదపాడు కాలవ పక్కన సర్కారు పంచే ఇళ్ళస్థలాల్లో ఒక్కటే మిగిలితే దానికి అర్జీ పెట్టింది. అదే స్థలానికి కొల్లేటి లంకలో ఉండే బుల్లెమ్మ కూడా పెట్టింది. వరదకి ఆ పిల్ల ఇల్లు కాస్తా కొట్టుకుపోయింది. పిల్లలతో గట్టుమీద, బోర్లించిన దోనె పడవ కింద ఉంటోంది.

ముందురోజు కొడుకింట్లో అన్నం వడ్డిస్తూ హన్నమ్మ అంది: "ఒరే నాయనా, రేపొక్కరోజు ఆ తివాచీ చుట్టి పక్కన పెట్టించరా. పురుగు పట్టిందంటే సరి."

యాకోబు చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "అమ్మా, బళ్ళో నేను లెక్క తప్పితే అందరికంటే నాకే రెండు దెబ్బలు ఎక్కువ వేసేదానివి."

"అదీ ఇదీ ఒకటేనట్రా?"

"ఒకటే కదమ్మా," అన్నాడు నెమ్మదిగా.

ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. మజ్జిగ కూడా పొయ్యకుండా లేచి వెళ్ళిపోయింది.

మర్నాడు తివాచీ ఎప్పట్లాగే పరిచి ఉంది. ముందు హన్నమ్మనే పిలిచారు. దానిమీద నిలబడి కొడుకువైపు చూసింది. తివాచీ కదిలింది. బల్లవైపు కాదు. అడుగు తడబడకుండా, ఎంతో మర్యాదగా, ఆవిణ్ణి వరండాలో దింపేసింది. అంతమందిలో ఆవిడకి తల కొట్టేసినట్టయింది. లోపల యాకోబు తలెత్తకుండానే రెండో అర్జీ ముందుకు లాక్కున్నాడు.

తర్వాత బుల్లెమ్మ చంకలో పిల్లతో ఎక్కింది. తివాచీ ఆమెని బల్ల ముందుకు చేర్చింది. యాకోబు అక్కడికక్కడే సంతకం పెట్టి పట్టా చేతికిచ్చాడు.

"ఇవాళేనాండీ?" అంది బుల్లెమ్మ నమ్మలేక.

"ఇప్పుడేనమ్మా. పోయి ఇల్లు వేసుకో."

ఏడుస్తూ, నవ్వుతూ బయటికొచ్చిన బుల్లెమ్మని చూసేసరికి హన్నమ్మ కోపం ఎటు పోయిందో పోయింది. ఇంత గట్టివాణ్ణా నేను కన్నది అనిపించి, కళ్ళు నిండిపోయాయి.

బెంచీమీద కూర్చున్న ఆకివీడు ఆసామి ఒకాయన, ఆవిడెవరో తెలీక, జాలిపడ్డాడు. "మీకూ కాలేదా అమ్మా? ఈ తాసిల్దారు గారికి మొహమాటం బొత్తిగా లేదటగా?"

హన్నమ్మ పైట సర్దుకుని, లోపలికి కూడా వినపడేలా అంది: "లేదండీ. కన్నతల్లినే బయటికి పంపించాడు!"

బెంచీమీద వాళ్ళంతా లేచి నిలబడ్డారు. ఆవిడ మధ్యలో దర్జాగా కూర్చుంది. ఆఫీసు కట్టేశాక కొడుకుతో కలిసి ఆ కొడుకింటికే వెళ్ళింది, ఉండిపోవడానికి.