పదకొండు పేర్లు, ఒక పానా

సవిత మూసిన మూత ఇంకొకరి చేతికి అంత సులభంగా లొంగదు. నూనె డబ్బా కానీ, ఊరగాయ సీసా కానీ, నాలుగేండ్ల కూతురు భూమిక నీళ్ళ బాటిలు కానీ, ఆమె తిప్పి పెట్టిందంటే అంతే. బడిలో ఆ బాటిలు తెరవడానికి టీచరమ్మ పట్టుకుంటే ఆయమ్మ తిప్పవలసి వచ్చిందని కబురొచ్చింది. సవిత సిగ్గుపడలేదు. ఒలకలేదు కదా అని సంతోషపడింది. కొళాయి నుంచి చుక్క పడిన చప్పుడు వింటే తింటున్న ముద్ద వదిలి లేస్తుంది. కన్నడ సీమలో ఉన్న ఈ తెలుగు ఊరు క్యాతగానచెర్లులో నీళ్ళ విలువ తెలియనివాళ్ళు ఎవరూ లేరు గానీ, ఒక్క చుక్కకు ఇంత జడిసే మనిషిని తన జన్మలో చూడలేదని అత్త ఈరక్క అంటుంది.

ఇంటి రెండెకరాలూ సోలార్ పార్కు కిందికి పోయినాక, సవిత ఆ ప్యానెళ్ళను కడిగే ఆడవాళ్ళ గుంపులో చేరింది. పొద్దున ఎనిమిదికి పోతే ఐదుకు గానీ వదలరు. బడి వ్యాను మాత్రం మూడున్నరకే పిల్లను రోడ్డు మీద దింపిపోతుంది. ఈరక్క వెళ్ళి తెచ్చుకోవాలి. పోయిన నెల ఒకరోజు ఈరక్కకు కునుకు పట్టింది. రోడ్డు మీద ఎవరూ కనపడకపోయేసరికి డ్రైవరు పిల్లను వై.ఎన్.హొసకోట దాకా తిప్పి, మళ్ళీ వెనక్కి తెచ్చి అప్పగించాడు. భూమిక బిస్కెట్ ప్యాకెట్ పట్టుకుని నవ్వుకుంటూ దిగింది. సవిత రెండు రోజులు ఏడ్చింది.

అందుకే కంపెనీ సామాన్ల స్టోరు చూసుకునే అమ్మాయి పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయిందని తెలియగానే సవిత ప్రాణం లేచొచ్చింది. స్టోరు పని ఎనిమిది నుంచి మూడు వరకే. మూడింటికి బయటపడితే నడిచిపోయినా వ్యానుకు ముందే రోడ్డు మీద నిలబడొచ్చు. సూపర్‌వైజరు శ్రీనివాస ఒకటే షరతు పెట్టాడు. పోయిన అమ్మాయి ఏది అడిగినా "రబ్బరుదా?" అనేదట. ఈసారి వచ్చేవాళ్ళకు సామాన్ల పేర్లు తెలియాలి. టేబుల్ మీద పెడతాడు, చూసి చెప్పాలి.

సవిత చదువు తొమ్మిదో తరగతి సగంలో ఆగింది. ఆ సగంలో కూడా సైన్సు సారు చెప్పింది ఒక్కటీ తలకెక్కలేదు. అయినా పట్టుబట్టింది. పంపు షెడ్డు చూసుకునే ఆదినారాయణప్పది మంగళవాడ అనే ఊరు. ఆ చుట్టుపక్కల బోర్లలో నీళ్ళున్నన్నాళ్ళు ఆయన విప్పని మోటరు లేదు. ఆమె పేర్లు అడిగితే టీ వేళ ఆయన గోనెపట్ట మీద పాత సామాన్లు పరిచేవాడు. కదలని రెండు మూతల నడుమ పెట్టేది గ్యాస్కెట్టు. గాజులా గుండ్రంగా, సన్నంగా ఉండేది ఓ-రింగు. లోపల పెదవి, దాని వెనక సన్నటి స్ప్రింగు ఉంటే ఆయిల్ సీలు. నట్టు కింద పడేది వాషరు. నల్లగా, జిడ్డుగా, జడ అల్లినట్టు ఉండే నలుపలకల తాడు గ్లాండ్ ప్యాకింగు. పంపులో తిరిగే షాఫ్టు చుట్టూ దాన్ని కూరుతారు. ఇట్లా పదకొండు.

పదకొండు పేర్లు వచ్చేసరికి సవిత ఇంట్లో మనుషులకు బతకడం కష్టమైంది. మొగుడు సునీల్‌కుమార్ తన బండి ముందు చక్రం దగ్గర ఆయిలు కారుతుంటే వాషరు పోయిందన్నాడు. వాషరు కాదు, ఆయిల్ సీలని ఈమె. హొసకోట మెకానిక్కు కూడా అదే అనేసరికి సవిత తల ఇంటి దూలాన్ని తాకింది. ఈరక్క కుక్కరు వాయిసరు తెమ్మని అడిగితే, గ్యాస్కెట్టు అంటే గానీ ఇవ్వనని భీష్మించింది. ఈరక్క అనలేదు. ఆ పూట పప్పు ఉడకలేదు.

పరీక్ష రోజు శ్రీనివాస పేర్ల చీటీ చేతిలో పట్టుకుని టేబుల్ మీద పదకొండు సామాన్లూ పెట్టాడు. సవిత ఎక్కాలు అప్పజెప్పినట్టు ఊపిరి తీయకుండా చెప్పేసింది. ఒక్కటీ తప్పలేదు. ఒకటో తేదీ నుంచి స్టోరు నీదేనని ఆయన అన్నాడు. సవితకు కాళ్ళు నేల మీద నిలవలేదు. గురువుకు చెప్పాలని నేరుగా పంపు షెడ్డుకు పోయింది.

ఆదినారాయణప్ప లేడు. వాల్వు చూసేదానికి ట్యాంకు దగ్గరికి పోయినాడని బయట ట్యాంకరు డ్రైవరు చెప్పాడు. పంపు ఒక్కటే తిరుగుతూ ఉంది. షాఫ్టు దగ్గర టప్... టప్... చుక్కలు పడుతున్నాయి.

నిన్నటి సవిత అయితే ఎవరినైనా పిలిచి ఉండేది. ఈ సవితకు దాని పేరు తెలుసు. గ్లాండ్ ప్యాకింగు లీకు. పేరు తెలిసినాక ఇంకేముంది? గోడకున్న పానా తీసుకుని, ఆ తాడును అదిమిపట్టే రెండు నట్లనూ ఊరగాయ సీసాలు మూసిన అనుభవమంతా పెట్టి బిగించింది. చుక్క ఆగిపోయింది. కంపెనీకి తన మొదటి సేవ ఇదని మురిసిపోయి, పానా తగిలించి, పైపు పట్టుకుని ప్యానెళ్ళు కడగడానికి పోయింది.

పావుగంట అయిందో లేదో, పైపులో నీళ్ళు సన్నగిల్లి ఆగిపోయాయి. షెడ్డు వైపు నుంచి కాలిన కంపు, వెంట నల్లటి పొగ. ఆడవాళ్ళంతా కడిగే కర్రలు పక్కన పడేసి ప్యానెళ్ళ నీడలో కూర్చుని టిఫిన్ డబ్బాలు తీశారు. సవిత మాత్రం షెడ్డుకు పరుగెత్తింది.

అప్పటికే శ్రీనివాస గట్టిగా అరుస్తున్నాడు. వయసైపోయిన మనిషిని పెట్టుకుంటే ఇంతేనని, వేరే మనిషిని పంపమని ఈ రోజే ఆఫీసుకు రాస్తానని అంటున్నాడు. ఆదినారాయణప్ప పొద్దున తానే ఒక మర ఎక్కువ తిప్పినానేమో అని గొణుగుతూ, తన చేతులను తానే తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు.

సవిత తలలో లెక్కలు మొదలయ్యాయి. తాను బిగించడం ఎవరూ చూడలేదు. ఒకటో తేదీకి ఇంకా మూడు రోజులే ఉన్నాయి. మూడు రోజులు నోరు మూసుకుంటే మూడున్నరకు రోడ్డు మీద ఉండొచ్చు. ఈ ముసలాయనకు ఎట్లాగూ... ఆ మాట పూర్తి చేయడానికి ఆమెకే మనసొప్పలేదు.

"సార్, దాన్ని బిగించింది నేను."

శ్రీనివాస తిరిగి చూశాడు. "నువ్వా? నువ్వెందుకు ముట్టినావు?"

"కారుతా ఉండె సార్."

ఆదినారాయణప్ప తలెత్తాడు. "అది కారల్ల పాపా. చుక్కచుక్క కారతా ఉంటేనే షాఫ్టుకు చల్లన. నీళ్ళు నిలిపేస్తే తాడు కాలిపోదా?"

"నువ్వు చెప్పలేదు కద మామా."

"నువ్వు పేర్లడిగితివి, పేర్లు చెప్పితి. పని అడిగితివా?"

అరుపులకు షెడ్డు బయట చేరిన ఆడవాళ్ళలో అంజినమ్మ, రేపు కూడా ఈ టయానికి ఒకసారి బిగించి పొమ్మని సవితను బతిమాలింది. ఆడవాళ్ళంతా పడీ పడీ నవ్వారు. సవిత కూడా నవ్వబోయి, శ్రీనివాస మొహం చూసి మానుకుంది.

శ్రీనివాస చదివింది కరెంటు చదువు. ఇన్వర్టరు గురించి అడిగితే గంటసేపు చెప్తాడు. కాలిన తాడుకు బదులు కొత్తది కావాలంటే, స్టోరు తాళం తీసి ఆయన మొదట ఓ-రింగుల పెట్టె తెచ్చాడు. ఆదినారాయణప్ప తల అడ్డంగా ఊపాడు. రెండోసారి గ్యాస్కెట్టు షీటు తెచ్చాడు. మూడోసారి సవితే పోయి, మూడో అర కింద చుట్టగా ఉన్న నల్ల తాడు తెచ్చి పెట్టింది. ఆ ఒక్క నిమిషం తప్ప ఆ రోజంతా ఆమె తల వంచుకునే ఉంది.

పంపు చల్లారినాక ఆదినారాయణప్ప కాలిన తాడును కొక్కేంతో ముక్కలు ముక్కలుగా లాగాడు. అవి అడుగంటిన జొన్నరొట్టెల్లా వచ్చాయి. కొత్త తాడును షాఫ్టంత లావు పైపుకు చుట్టి, ఏటవాలుగా కోసి, ఒక్కొక్క చుట్టూ సవిత చేతే లోపలికి పెట్టించాడు. అతుకులన్నీ ఒకే వరసలో పడకూడదు. నట్లు వేలితోనే తిప్పమన్నాడు. పంపు వేయగానే నీళ్ళు కారాయి. సవిత వేళ్ళు దురద పెట్టాయి. ఆదినారాయణప్ప పానాను తన కింద వేసుకుని దాని మీద కూర్చున్నాడు. చాలాసేపటికి లేచి, తానే అర మర తిప్పి, మళ్ళీ కూర్చున్నాడు. ధార తగ్గి చుక్కలైంది. అది చుక్కలుగానే ఉండాలి. అట్లా వదిలేసి ఊరికే చూస్తూ కూర్చోవడం సవితకు పిల్లను కన్నప్పటికంటే కష్టమైంది.

పని అయినాక శ్రీనివాస స్టోరు రిజిస్టర్ తెచ్చి ఆమె ముందు పెట్టాడు. తాడు బయటికి పోయింది కాబట్టి రాయాలన్నాడు. తానెట్లా రాసేదని సవిత అడిగింది.

"స్టోరు ఎవరిదో వాళ్ళే రాయల్ల కదమ్మా," అన్నాడాయన.

సవిత రిజిస్టర్‌ను దగ్గరికి లాక్కుంది. బడిలో నేర్చిన కన్నడ అక్షరాల్లో జాగ్రత్తగా రాసింది. వస్తువు: గ్లాండ్ ప్యాకింగు. ఇచ్చినవారు: సవిత. తీసుకున్నవారు: ఆదినారాయణప్ప. చివర 'కారణం' అని ఒక గడి ఉంది. అక్కడ చెయ్యి ఆగింది.

అరిగిపోయిందని రాయమన్నాడు శ్రీనివాస. పైవాళ్ళు ఇంకేమీ అడగరు. సవిత పై వరస చూసింది. ఆ తాడు మార్చింది పోయిన నెలలోనే. నెలకే అరిగిందంటే, సరిగ్గా చూసుకోనిది ఎవరని అడుగుతారు. షెడ్డులో ఉండేది ఒక్క మనిషే. నిజం రాస్తే మాత్రం, ఆఫీసులో ఎవరో ఒకరు చదివి, ఈ మనిషినా స్టోరులో పెట్టేదని అడగొచ్చు. ఐదు దాటినాక ఇల్లు చేరే రోజులు, రోడ్డు మీద ఎవరూ లేక వ్యానులోనే ఉండిపోయిన భూమిక, అన్నీ ఆ చిన్న గడిలోనే కనిపించాయి.

అర్థమయ్యేలా రాయాలని చూసింది. తనకు పంపు సంగతి తెలియక, మంచి చేద్దామనుకుని, నట్లు ఎక్కువగా బిగించినందువల్ల... గడి రెండు వేళ్ళ వెడల్పు. అందులో పట్టేంత మాత్రమే రాసింది.

కారణం: సవిత.

శ్రీనివాస రెండుసార్లు చదివాడు. కొట్టేసి మళ్ళీ రాయమంటాడేమోనని ఆమె చూసింది. ఆయన పెన్ను అడిగి, పక్కన తన సంతకం పెట్టి, రిజిస్టర్ మూశాడు.

"ఒకటో తేదీ ఎనిమిదికి రా. పానాలు మాత్రం మామ దగ్గరే ఉంటాయి," అన్నాడు.