ఇరవై ఏడో నంబరు మేజోడు

వెర్లీన్ టాకెట్ ఏ మేజోడు చేతికొచ్చినా ముందు ఎడమచేతికి తొడిగి, వేళ్ళు విప్పి, వెలుతురుకు ఎత్తి చూస్తుంది. చర్చిలో పక్కవాళ్ళ పిల్లాడిదైనా సరే. ముప్పై ఒక్కేళ్ళు మేజోళ్ళ మిల్లులో చేసిన పని అది. వేళ్ళ దగ్గర కుట్టు సరిగా ఉంటే పొట్లంలో ఒక చీటీ పడేది: ‘తనిఖీ చేసినవారు: 27’. సరిగా లేకపోతే సాక్షాత్తు గవర్నరే దిగివచ్చి బతిమాలినా పడేది కాదు.

మార్చిలో మిల్లు మూశారు. యంత్రాలు విప్పి, కూలి చవకైన హోండురాస్ దేశానికి పంపారు. యజమాని కళ్ళు తుడుచుకుంటూ ఉపన్యాసమిచ్చి, మనిషికొక పంది తొడ మాంసం ప్యాకెట్టు చేతిలో పెట్టి, ఆ సాయంత్రమే గోల్ఫ్ ఆడుకోవడానికి వెళ్ళిపోయాడు.

విదేశీ సరుకు వల్ల పని పోయినవాళ్ళకు ప్రభుత్వ సాయం ఉంది. కొత్త పని నేర్పిస్తారు, నేర్చుకున్నన్నాళ్ళూ భృతి ఇస్తారు. ముగ్గురు అర్జీ పెడితే మిల్లులోని నూట నలభై మందికీ వర్తిస్తుంది. వెర్లీన్ పెట్టింది, ప్యాకింగులో పనిచేసిన జూనీ పెట్టింది, బాయిలరు దగ్గరి ముసలాయన పెట్టాడు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని ఊరికే అనలేదు. ఆ పూజారి పేరు ప్రూయిట్. ముప్పై ఏళ్ళుంటాయి. విచారణకు వచ్చి నిరుద్యోగుల ఆఫీసులో ఒక బల్ల ఆక్రమించాడు. ఈ శుక్రవారం అతను సరేనంటేనే సోమవారం మొదలయ్యే నర్సు శిక్షణలో జూనీకి సీటు. లేదంటే ఆ సీటు ఇంకొకరిది.

సాక్ష్యం జూనీయే సంపాదించింది. చవక దుకాణంలో కొన్న మేజోళ్ళ పొట్లం బల్లమీద పెట్టింది.

“చూడండి సార్. మా మిల్లు పేరే, మా మిల్లు బొమ్మే. హోండురాస్‌లో చేశారు. లోపల చీటీ కూడా మాదే! ఇరవై ఏడు. అంటే ఈ వెర్లీనక్క నంబరు. మిగిలిపోయిన చీటీలు కూడా వదల్లేదు సార్, మూటగట్టి పంపేశారు.”

ప్రూయిట్ ముఖం వికసించింది. “భేష్. ఇంక ఒక్కటే. విదేశీ సరుకు మీ సరుకు లాంటిదే అయ్యుండాలని చట్టం. ఇది మీరు చేసేదాని లాంటిదేనా మేడమ్?”

వెర్లీన్ చెయ్యి అప్పటికే మేజోట్లో ఉంది. వేళ్ళు విప్పింది. కుట్టు దగ్గరి చిల్లులోంచి చూపుడువేలు బయటికొచ్చింది.

“ఇదా? దీన్ని మేజోడంటావా నాయనా? దీనికి నా నంబరా? నేనైతే నేల తుడవడానికి కూడా పాస్ చెయ్యను!”

జూనీ బల్లకింద ఆమె కాలు తొక్కింది.

“ఆలోచించి చెప్పండి మేడమ్,” అన్నాడు ప్రూయిట్. “నాసిరకమంటే అది వేరే సరుకు. వేరే సరుకు వల్ల మీ పని పోయినట్టు కాదు, సాయం రాదు.”

“మరి దేనివల్ల పోయింది?”

“దానికి మా దగ్గర ఫారం లేదండి.”

“నీ కాలికున్నదీ ఈ సరుకేగా? బొటనవేలు బయటికొచ్చిందా, రాలేదా?”

ప్రూయిట్ కాళ్ళు కుర్చీ కిందికి లాక్కున్నాడు. జూనీ ఇక ఆగలేకపోయింది.

“అక్కా, నీ కాళ్ళు పట్టుకుంటా. చిల్లు చిన్నదే. కళ్ళు మూసుకో. సోమవారం క్లాసు పోతే నాకు కోళ్ళు కోసే ఫ్యాక్టరీయే గతి. నా నడుము సంగతి నీకు తెలీదా?”

వెర్లీన్‌కు తెలుసు. పదేళ్ళు పక్కపక్కన నిలబడిన నడుములు. ఆమె మరోసారి చిల్లు కేసి చూసింది. ఆ హోండురాస్ ఇరవై ఏడో నంబరు ఎవరో, ఎలాంటి పిల్లో. గుడ్డిదై ఉండదు. చూసుకునేంత వ్యవధి ఇచ్చుండరు. యంత్రాన్ని రెట్టింపు వేగంతో తిప్పుతున్నారేమో. కోపం ఆ పిల్ల మీదినుంచి దిగిపోయింది గానీ ఎక్కడికీ పోలేదు.

“రాసుకో నాయనా. మా సరుకు లాంటిదే.”

“అన్నివిధాలా?”

“అన్నివిధాలా.” ఆ మాట అనేసరికి ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మిల్లు మూసినరోజు కూడా ఏడవని మనిషి.

ప్రూయిట్ చకచకా రాసి కాగితం ఆమెవైపు తిప్పాడు. చివర్న ఒక గీత: ‘పై వివరాలు సరిచూసినవారు’. అలవాటైన చెయ్యి కదా, గీత కనపడగానే రెండు వేసి, ఏడు కూడా వేసింది.

“అయ్యో, అక్కడ పేరు రాయాలి మేడమ్. నంబరుంటే పైవాళ్ళు తిప్పి పంపుతారు. పోనీ పక్కన బ్రాకెట్లో ఉంచుదామా?”

“వద్దు,” అని వెర్లీన్ ఆ నంబరును ఒక్క అంచూ కనపడకుండా నల్లగా కొట్టేసింది. “అది బాగున్నవాటికే వేస్తాను. దీనికి పేరు చాల్లే.”