తేలిపోతున్న ముందు చక్రం

బండ్లు బాగుచేసే షెడ్డు బావది, బండి మరదలిది. బండంటే కూరగాయలకు వెళ్ళొచ్చేది కాదు, ట్యాంకు మీదికి వంగి నడిపే రేసు బండి. మొన్నటి వానల్లో ఆమె దాని మీంచి పడి, నడుం పట్టేసి, మంచానికి అతుక్కుపోయింది. లేచి మళ్ళీ ఎక్కాక మొదలైంది ఈ వింత. మెల్లగా పోతే ఏమీ లేదు. యాక్సిలరేటర్ ఒక్కసారిగా తిప్పిందా, ముందు చక్రం నేలను మరిచిపోయినట్టు తేలిపోయేది, హ్యాండిలు చేతికి చిక్కిన చేపలా కొట్టుకునేది. ఆ కాసేపూ చెట్లు, గోడలు, కరెంటు తీగలు అన్నీ నీళ్ళ అడుగున ఊగుతున్నట్టుండేవి.

ఆమెకు భయం కన్నా సిగ్గు వేసేది. ఎందుకంటే అదే బండి బావ నడిపితే కిక్కురుమనలేదు. వెళ్ళాడు, వచ్చాడు, మీసం దువ్వుకున్నాడు. అంటే వణికేది బండి కాదు, తన చేతులే. పొద్దున్నే తలుపేసుకుని, నిండు గ్లాసు అరచేతిలో పెట్టుకుని చూసుకునేది. నీళ్ళు కదిలాయో లేదో తేల్చుకోలేక తాగేసేది. ఇవ్వాళ కూడా బండిలో ఏమీ దొరక్కపోతే తాళంచెవి బావకిచ్చేసి, మళ్ళీ ఎక్కకూడదనుకుని వచ్చింది.

బావ ముందు చక్రాన్ని గాల్లోకి లేపి నిలబెట్టాడు. హ్యాండిలు ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. ఎక్కడా పట్టెయ్యలేదు, ఎక్కడా వదులు లేదు. నిద్రపోయే పిల్ల వీపు నిమిరినట్టు టైరంతా తడిమాడు. గుంటలు లేవు. గాలి సరిపోయింది. చక్రం వంకర లేకుండా, చప్పుడు లేకుండా, ఎవరి కలలోనో తిరుగుతున్నట్టు తిరుగుతూనే ఉంది.

"చెప్పు బావా. నా చేతులే కదా?"

"నీ చేతులకేం? నిన్న మీ అక్క నా మీదికి నిన్ను ఎగేస్తే, గిన్నె విసిరావు. గురి తప్పిందా?"

"అది గరిటె."

"అదేలే. పద, నువ్వు ముందు నడుపు. నేను వెనకాల వస్తా."

గోదాముల వెనక రోడ్డు పొగమంచులో సగం ఉంది, సగం లేదు. ఆమె గట్టిగా తిప్పింది. మళ్ళీ అవే నీళ్ళు, అదే చేప. ఆగి వెనక్కి చూస్తే బావ తన బండి దిగి తల గోక్కుంటున్నాడు.

"అంత వెనక్కి జరిగి నిటారుగా కూర్చుంటావేం?"

"వంగితే నడుం పీకుతోంది."

"నువ్వు తిప్పగానే బండి వెనక భాగం చెరువులో గేదెలా చతికిలబడుతోంది. బరువంతా వెనక్కి పోతే ముందు చక్రం నేలనేం పట్టుకుంటుంది? నేను ట్యాంకు మీద వాలి నడిపా. నా పొట్ట దాన్ని లేవనిచ్చిందా?"

"ఇదివరకు వెనక ఇంత మెత్తగా లేదే!"

బావ నేల చూపులు చూశాడు. షెడ్డుకొచ్చి మరదలు మళ్ళీ అదే అడిగితే, అక్కడున్న అక్కే నోరు విప్పింది. "నువ్వు మంచాన ఉన్నప్పుడు నేనే చేయించానే. నీ నడుముకు కుదుపు తగలకూడదని వెనక స్ప్రింగు వదులు చెయ్యమన్నా. చెబితే నువ్వు ఒప్పుకోవుగా."

"కొంచెమే వదిలా," అన్నాడు బావ. "మీ అక్కొచ్చి సీటు నొక్కి, ఇంకొంచెం అంది. వదిలా. మళ్ళీ నొక్కింది, పరుపు బేరం చేస్తున్నట్టు."

కోపం రావాల్సిన చోట మరదలికి నవ్వొచ్చింది, ఆగకుండా వచ్చింది, కళ్ళు తుడుచుకోవాల్సినంత.

"బిగించు బావా, మునుపున్నంత."

"నడుం?" అంది అక్క.

"నొప్పెడుతుంది. పెట్టనీ. ఎక్కడ నొప్పో నాకు తెలుసుగా."

బావ కొక్కెం పానా తగిలించి స్ప్రింగు మీది రింగు బిగించాడు. అక్క సీటు నొక్కబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఈసారి ఆమె ట్యాంకు మీదికి వాలింది. నడుం చురుక్కుమంది. తిప్పింది. వెనక భాగం కాస్త కుంగి నిలదొక్కుకుంది. హ్యాండిలు ఒక్కసారి అదిరి, సద్దుమణిగింది. అప్పుడు చూసుకుంది, తన వేళ్ళు దాన్ని బిగించి పట్టుకోవడం లేదు, ఊరికే ఆనుకుని ఉన్నాయి. గోడలు గోడల్లా వెనక్కి పోతున్నాయి. మంచు తెరలు తెరలుగా విడిపోతోంది.

గోదాములు అయిపోయిన చోట షెడ్డు వైపు వెనక్కి తిరగాలి. ఆమె తిరగలేదు, రోడ్డు వెంట ముందుకే పోయింది.