నవ్వు షాట్

"అత్తమ్మా, జర ఫ్యాన్ బంద్ చెయ్యి. రెక్కల చప్పుడు వాళ్ల మైకుల పడుతున్నదట."

నా కోడలు రాణి తలుపు సందులోంచి తల మాత్రం లోపలికి పెట్టి, గుసగుసగా ఇంత చెప్పి, జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయింది. ఫ్యాన్ ఆపాను. మే నెల మధ్యాహ్నం. ఒళ్లో పళ్లెం పెట్టుకొని గోంగూర ఆకు తుంపుతున్నాను. కాడ విరిగే చప్పుడు కూడా వాళ్లకు వినబడుతుందేమోనని గోటితో గిల్లడం మొదలుపెట్టాను. నాచారంలోని మా ఇంటి ముందు భాగాన్ని నా కొడుకు కరుణాకర్ ఒక టీవీ సీరియల్ వాళ్లకు ఇచ్చి నాలుగు నెలలయింది. వారంలో మూడు రోజులు హాలు, ముందు గదులు, మెట్లు వాళ్లవి; వెనక గది నాది. షాట్ నడుస్తున్నంతసేపూ కుక్కరు విజిల్ వేయకూడదు, మిక్సీ తిరగకూడదు, ఎవరూ దగ్గకూడదు, బాత్‌రూములో నీళ్లు వదలకూడదు. ఎనభై రెండేళ్ల శరీరానికి ఈ చివరి నియమం ఎంత కఠినమైనదో ఆ నియమం పెట్టినవారికి చెప్పడం నాకు చేతకాలేదు. "సైలెన్స్!" అన్న కేక వినబడగానే నా వీపు దానంతటదే నిటారుగా అవుతుంది. ఆ కేకకు లోబడడం నేను నడక తరువాత అంత బాగా నేర్చుకున్న రెండో విద్య.

ఆ కేక మొదటిసారి విన్ననాటికి నాకు పదహారేళ్లు. మా ఉప్పల్ ఇంకా ఊరే. పట్నం పోవాలంటే పొద్దున్నే సద్ది కట్టుకొని బయలుదేరేవారు. బడి నాటకంలో నన్ను చూసినవారెవరో మద్రాసుకు పిలిపించారు. లక్ష్మీనర్సమ్మ అన్న పేరు పోస్టరు మీద పట్టదని హేమనళినిగా మార్చారు. రెండు చిత్రాల్లో కథానాయికను. ఆ రెండింటిలోనూ నా మాటలు మరొకరు పలికారు. నాలుక మీద ఉప్పల్ ఉందని దర్శకులు విసుక్కునేవారు. తరువాత నాచారం వాడైన గోవర్ధన్‌తో, అప్పటికే ఒక కంపెనీలో ప్రొడక్షన్ పనులు చూసే మనిషితో, నా పెళ్లయింది. పెళ్లయిన మర్నాటి నుంచి నా కాల్షీట్లు చూసే పని కూడా ఆయనదే అయింది. కరుణాకర్ పుట్టాక నాకొచ్చిన వేషాలన్నీ ఒక్కటే. కథానాయకుడు రెండో పెళ్లి చేసుకోవాలంటే మొదటి భార్య చావాలి. ఆ చావు నాది. శవానికి యాస ఉండదు గనుక ఆ వేషాలకు నేను చక్కగా సరిపోయాను. క్షయతో, పురిట్లో, బావిలో, అగ్గిలో, భర్త పాదాల దగ్గర, మొత్తం ఇరవై ఆరుసార్లు చనిపోయాను. "సావు నీకు బాగ కుదురుతది" అని గోవర్ధన్ నలుగురిలో గర్వంగా చెప్పుకొనేవాడు.

సెట్టు మీద ఒక ఆచారం ఉంది. శవంగా పడుకున్నవాళ్లు లేవకముందే కెమెరా వైపు చూసి ఒకసారి నవ్వాలి. ఆ నవ్వును కూడా చిత్రీకరిస్తారు; నటించిన చావు నిజమై వెంటబడకుండా దోషం అక్కడికక్కడే పోతుందని నమ్మకం. దాన్ని నవ్వు షాట్ అనేవారు. ముక్కులో దూది తీసి, నొసట రూపాయంత బొట్టుతో, నేను ఇరవై ఆరుసార్లు నవ్వాను. నా చావులన్నీ థియేటర్లలో ఆడాయి. నవ్వులన్నీ ఎడిటింగ్ గదిలో చెత్తబుట్టలో పడ్డాయి.

మద్రాసు పిలుపులు తగ్గాక నాచారం వచ్చేశాం. ఎనభైలలో రామంతాపూర్ టీవీ కేంద్రంలో నాటకాలు వేశాను. "పక్కనే గదా, వండిపెట్టి పో" అన్నాడు ఆయన. పదిమందికి వండి, అత్తగారికి స్నానం చేయించి, ఆటోలో కూర్చొని మాటలు నెమరువేసుకుంటూ వెళ్లేదాన్ని. రేడియో కంటే కొంచెం పెద్దదైన ఆ తెర మీద కూడా నాకు దొరికినవి మంచం పట్టిన తల్లులే. తిరిగి వచ్చేసరికి అత్తగారు గడప దగ్గర కూర్చొని ఉండేది. "వచ్చిందా? పొద్దుగాల సచ్చి, మాపటికి బువ్వ తినేతందుకు వస్తది. కాళ్లు కడుక్కొని రా, ఇంట్లకు సావు తేకు." వీధిలోవాళ్లు నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. గోవర్ధన్ పోయిననాడు ఏడ్చాను. బాగా ఏడ్చానని చుట్టాలు మెచ్చుకున్నారు.

హాలులోంచి నాయిక గొంతు వినిపించింది. "అమ్మమ్మగారూ! నోరెత్తకుండా ఈ ఇల్లు నిలబెట్టారు. మీ అడుగుల్లోనే నడుస్తాను. ఎన్ని అవమానాలైనా ఓర్చుకుంటాను." ఎవరో పెద్దావిడ బొమ్మ ముందు ప్రమాణం కాబోలు అనుకున్నాను. కట్ అన్నారు. కాసేపటికి తలుపు తోసుకొని ఒక అమ్మాయి వచ్చింది. పట్టుచీర, మెడనిండా నగలు, చేతిలో ఎత్తిపట్టిన కుచ్చిళ్లు. సీరియల్ నాయిక ఆమే, పేరు దీప అని తరువాత తెలిసింది.

"సారీ అమ్మా, ముందు బాత్‌రూములో మేకప్ సామాను పెట్టిన్రు. ఒక్క నిమిషం..." అంటూ నా ముఖం చూసి ఆగిపోయింది. "అయ్యో. ఆ పాత ఫోటోల ఉన్నది మీరేనా?"

"ఏ ఫోటో బిడ్డా?"

"హాల్ల గోడకున్నది. దండేసి, దీపం పెట్టి, నేను ఇప్పుడే మొక్కిన. సచ్చిపోయిన అమ్మమ్మ అన్నరు నాకు!" రెండు చెంపలూ వేసుకుంది. "బతికున్న మనిషికి దండేస్తరా ఎవలన్నా? నేను మళ్లా ఆ ఫోటో ముంగట నిలబడ, మీరేమన్న అనున్రి."

వచ్చిన పని మరిచిపోయి అలాగే వెళ్లిపోయింది. తరువాత హాలులో కలకలం. ఐదు నిమిషాలకు నా గది నిండిపోయింది. ముందు దర్శకుడు వంశీకృష్ణ, ముప్పై ఐదేళ్లుంటాయి, వెనక కరుణాకర్, అతని వెనక రాణి.

"నమస్కారం అమ్మా, వంశీకృష్ణనండీ. మీరు ఆర్టిస్టని సార్ ఇప్పుడే చెప్పారండీ, ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదు! ఇంట్లో పెద్దావిడ పాత ఫోటో ఏదైనా ఉందా అని అడిగితే సార్ ఇచ్చారు. పోయారేమో అనుకున్నామండీ. ఆ అమ్మాయి హడలిపోయి కూర్చుంది. మీకు తెలియనిదేముంది, ఒక్క నవ్వు షాట్ తీసేసుకుంటే దోషం పోతుంది, మాకూ పని నడుస్తుంది."

"నవ్వు అత్తమ్మా," అంది రాణి. "ఊకె ఎందుకు, పిల్లల మీదికి వస్తది."

"నన్ను అడగకుండ ఎట్లిచ్చినవ్ రా?" అన్నాను.

"అడిగేది ఏముంది? మన ఇంటి ఫోటోనే గద," అన్నాడు కరుణాకర్. "ఒక్క నవ్వే గదనే అమ్మా. అందరు ఆగిన్రు."

ఒక్క నవ్వే గద. అదే మాట, అదే గొంతు, ఆ 'గద' దగ్గర అదే చిన్న విసుగు. యాభై నాలుగేళ్ల క్రితం మద్రాసులో, పాడె మీద పడుకొని ఉన్న నాతో వీడి నాన్న అన్నాడు. ఆరోజు పొద్దుటి నుంచీ నన్ను శవంగా పడుకోబెట్టారు. ముఖానికి పసుపు, మెడలో చామంతులు. మధ్యాహ్నానికి షాట్ అయింది. నవ్వమన్నారు. లైట్ల వేడికి తల తిరుగుతోంది, పెదవులు కదలలేదు. "ఒక్క నవ్వే గద, ఏదన్న మంచిది తలుసుకో" అన్నాడు గోవర్ధన్. తలుచుకున్నాను. మా అమ్మ ఈరమ్మ ఉప్పల్‌లో, రెండేళ్ల కరుణాకర్‌ను చంకనేసుకొని, నాట్ల మధ్యనే వాడిని సాకుతోంది. ఆమె కోసం నేను కొన్న నీలం నూలు చీర పెట్టెలో ఉంది. "గింత మెత్తటి చీర కట్టుకొని నాట్లెట్ల వేస్తరే?" అని ఆమె తిట్టే తిట్టు తలుచుకొని, నిజంగా, నోరారా నవ్వాను. స్టిల్ ఫోటోగ్రాఫరు కూడా ఆ నవ్వును తీశాడు. పసుపు కడుక్కొని వచ్చాక గోవర్ధన్ చొక్కా జేబులోంచి టెలిగ్రాం తీసి ఇచ్చాడు. అమ్మ పొలం గట్టు మీద కూలిపోయిందనీ, వెంటనే రమ్మనీ. ఆ టెలిగ్రాం పొద్దున ఏడు గంటలకే లాడ్జికి వచ్చింది. అప్పుడే ఎందుకు చెప్పలేదని నేను అడిగిన ప్రశ్నకు ఆయన ఎంతో సహనంగా జవాబిచ్చాడు. "ఏడ్చే సీనైతే చెప్పేటోణ్ని. శవం సీను గద. ఏడిస్తే మొఖం ఉబ్బుతది." నేను ఉప్పల్ చేరేసరికి బూడిద కూడా చల్లారింది. కొన్నాళ్లకు ఆ స్టిల్‌ను పెద్దది చేయించి, మెడలోని చామంతులు కనబడనంత మేరకు కత్తిరించి, హాలులో పెట్టాడు. ఇంటికి కళ వచ్చిందని అందరూ అన్నారు. పొద్దున్నే దాని కింద ఊడ్చాను, సాయంత్రం దాని కింద దీపం పెట్టాను. ఎన్నడూ తలెత్తి చూడలేదు.

"పదున్రి," అన్నాను.

రాణి మొహం తేటపడింది. కరుణాకర్ చేయి అందించాడు, పట్టుకోలేదు. హాలులో కుర్చీ సిద్ధంగా ఉంది. గోడ మీద ఫోటోలో ఆమె నవ్వుతోంది. కత్తిరించి తీసేసిన చామంతులు మళ్లీ తిరిగి వచ్చి ఆమె మెడ చుట్టూ చేరాయి. లైట్లు వెలిగాయి. పాత వేడి. దీప దూరంగా చేతులు కట్టుకొని నిలబడి ఉంది.

"దండ తీసేయమంటారా అమ్మా?" అన్నాడు వంశీకృష్ణ.

"ముందుగల్ల నీ కెమెరా తిప్పు."

సైలెన్స్ అన్నారు. నా వీపు నిటారుగా అయింది. రోలింగ్ అన్నారు. నేను కెమెరా వైపు చూశాను. చాలాసేపు చూశాను.

"అమ్మా, నవ్వండి."

"కరుణా," అన్నాను, "ఆ ఫోటో ఎన్నటిదో నీకు ఎర్కనా?"

"నాయిన చెప్తుండె గద. నువ్వు మస్తు ఖుషీగ ఉన్నప్పటిదని."

"నిన్ను సాకిన మా అమ్మ సచ్చిపోయిన నాటిది. టెలిగ్రాం మీ నాయిన జేబుల ఉండె. నాకు చెప్పకుండ నన్ను నవ్వుమన్నడు. నవ్విన."

కరుణాకర్ ఫోటో వైపు తిరిగాడు. ఒకసారి చూసి, వెంటనే తల దించుకున్నాడు. అలా తల దించుకోవడం వాడు నా దగ్గర నేర్చుకున్నాడని నాకు అప్పుడే తెలిసింది. వంశీకృష్ణ కట్ అనడం మరిచిపోయాడు. కెమెరా నా ముఖాన్ని తీస్తూనే ఉంది. నవ్వు లేదు, ఏడుపు లేదు, ఎవరూ రాసివ్వని ముఖం.

"దండ తియ్యకున్రి," అన్నాను. "ఎవలు నవ్వుమంటె వాళ్లకు నవ్వినామె, ఆమె సచ్చిపోయింది. మీరు ఏసింది కరెక్టే." కుర్చీ చేతుల మీద బరువు మోపి లేచాను. "బిడ్డా దీపా, ఆమెకు మొక్కితె మొక్కు. ఆమె అడుగుల మాత్రం నడువకు."

"అత్తమ్మా, నవ్వకుండనే పోతున్నవా?" రాణి గొంతులో భయం నిజమైనదే. "మరి దోషం?"

"ఉండనియ్యి. నేను పోయి ఫ్యాన్ ఏసుకుంట. చప్పుడు పడితె పడనియ్యి."