ముసలమ్మకు మరో రెండేళ్ళు

ఏ దేశానికి ఎన్ని యుద్ధనౌకలున్నాయో సదాశివరావు కుర్చీలోంచి కదలకుండా చెప్పగలడు. ఆయన సముద్రం చూసి మాత్రం పదకొండేళ్ళయింది. విజయనగరం దగ్గర్నుంచి ఢిల్లీ వచ్చి, రక్షణ వ్యవహారాలు చూసే ఆఫీసొకదానిలో పట్టికలు వేస్తూ తల నెరిపించుకున్నాడు. పెద్ద కాగితం మీద మూడు కాలమ్‌లు. మొదటిది మనది, రెండోది పడమటి పొరుగుదేశానిది, మూడోది చైనాది. ఏటా జనవరిలో పట్టిక కొత్తగా తయారయ్యేది. అందరి చూపూ మొదటి రెండు కాలమ్‌ల మీదే. మూడోదానిలో అంకె ఏడాదికేడాదీ లావెక్కుతున్నా, అది చాలా దూరంలే అని కాగితం మడిచేసేవారు.

ఆ పట్టికకు ఒక ఆచారం ఉండేది. మన ఓడ ఎంత పాతదైపోయినా, జెండా దించి వీడ్కోలు చెప్పేదాకా లెక్కలో ఉంటుంది. వాళ్ళ ఓడ లేకుండా పోయినా, విదేశాల్లో అచ్చయ్యే లావుపాటి నౌకల పుస్తకం కొట్టేసేదాకా లెక్కలోనే ఉంటుంది. పేపర్లో పడిన వార్త సాక్ష్యం కాదు. ఈ పద్ధతి ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. సదాశివరావు మాత్రం సంధ్యావందనమైనా మానేవాడేమో గానీ దీన్ని మానేవాడు కాదు.

తొంభైనాలుగు జనవరిలో ఆయనకు ఆఫీసు చిరునామాకు ఒక ఉత్తరం వచ్చింది. రాసింది చెల్లెలు హైమవతి భర్త తిరుమలేష్. విశాఖపట్నంలో ఒక పాత యుద్ధనౌక మీద బాయిలర్లు చూసే చీఫ్. ఆ ఓడను అందులోని వాళ్ళంతా ముసలమ్మ అనేవారు. తిరుమలేష్ అంతకుముందు ఢిల్లీలోనే ఉద్యోగం చేశాడు. ఓడ మీదికి బదిలీ అయ్యాక కూతురు చాందిని చదువు చెడకూడదని తల్లీకూతుళ్ళు సరోజినీ నగర్‌లో సదాశివరావు క్వార్టర్లోనే ఉండిపోయారు. భార్య పోయాక బోసిపోయిన ఆ ఇంట్లో మళ్ళీ పోపు వాసన వచ్చింది వాళ్ళవల్లే.

"బావా, హైమకి చెప్పకు," అని మొదలైంది ఉత్తరం. "నా చెవులు పాడయిపోతన్నాయి. ఇంకో రెండేళ్ళు ఈ చప్పుడులో ఉంటే పూర్తిగా పోతాయని డాక్టరు చెప్పీసాడు. కాయితం మీద పెట్టొద్దని నేనే బతిమాలాను. మార్చిలో మా ముసలమ్మకి ఎలాగూ సెలవిచ్చీస్తన్నారు. నాకు ఢిల్లీ పోస్టింగు వస్తాది. ఈ రెండు నెల్లూ ఓపిక పట్టీస్తే చాలు. ఈ బాయిలర్ల సంగతి తెలిసినోళ్ళం ముగ్గురమే మిగిలాం, మధ్యలో ఒగ్గీసి వస్తే కుర్రాళ్ళు కాల్చుకుంటారు."

సదాశివరావు ఉత్తరాన్ని సొరుగులో పెట్టాడు. ఆ వారంలోనే పై అధికారి కెప్టెన్ రాజగోపాల్ వచ్చి బల్ల పక్కన నిలబడ్డాడు.

"రావుగారూ, ఆ ముసలి ఓడని తీసేస్తే వాళ్ళవి రెండుంటే మనవి మూడుండాలన్న లెక్క నిలవడం లేదు. పార్లమెంటులో ప్రశ్న ఉంది. ఏదైనా దారుంటే నోట్ పెట్టండి."

దారి సొరుగులోనే ఉంది, బావ ఉత్తరం కిందే. పొరుగుదేశం అమెరికా నుంచి అద్దెకు తెచ్చుకున్న ఓడల్ని వెనక్కి పంపేస్తోందని పేపర్లో పడిన ముక్క అది. వాటిని రెండో కాలమ్‌లోంచి కొట్టేస్తే చాలు, ముసలమ్మ హాయిగా ఒడ్డెక్కవచ్చు. కానీ పేపరు ముక్క సాక్ష్యం కాదు. నౌకల పుస్తకం వచ్చేది జూలైలో. ఇరవై ఏళ్ళుగా ఒక్క తప్పు పడనివ్వని పట్టికలో పేపర్ని నమ్మి గీత గీయడానికి ఆయనకు చెయ్యి రాలేదు. గుండ్రటి దస్తూరీతో, కొత్త ఓడ చేతికి వచ్చేదాకా పాతదాన్ని మరో రెండేళ్ళు సేవలో ఉంచవచ్చని ఇంగ్లీషులో ఒక్క వాక్యం రాశాడు.

బావ చెవులు గుర్తురాలేదా అంటే, వచ్చాయి. పైన ఏడుగురు సంతకాలు పెట్టాలి, ఎవరో ఒకరు కొట్టేస్తారులే అనుకున్నాడు. ఆ ఏడుగురూ కింద ఉన్న దస్తూరీని చూశారు. సదాశివరావు రాశాడంటే అన్నీ చూసే రాసి ఉంటాడని వరసగా సంతకాలు పెట్టేశారు. తప్పు చేయని మనిషన్న పేరు తెచ్చుకోవడంలో ఉన్న ప్రమాదం అదే.

మార్చిలో రావలసిన మనిషి రావడం లేదని తెలిసిన రోజు హైమవతి బియ్యం ఏరుతూ అడిగింది. "అదేటన్నయ్యా, ఆ ఓడకి ఆయుష్షు అయిపోయిందన్నారు కదా. ఇప్పుడు పొడిగించిందెవరు?"

"పైనుంచి వచ్చింది," అన్నాడు సదాశివరావు. పక్కగదిలోకి వెళ్ళి, అక్కర లేకపోయినా గడియారానికి కీ ఇచ్చాడు.

బావకు వెంటనే రాశాడు, డాక్టరు చెప్పింది కాగితం మీద పెట్టించుకుని దిగిపొమ్మని. కుర్రాళ్ళని బాయిలర్ల మధ్య వదిలి ఎలా దిగనని జవాబొచ్చింది.

జూలైలో పుస్తకం రానే వచ్చింది. అద్దె ఓడలు అందులో లేవు. సదాశివరావు స్కేలు పెట్టి ఎర్ర సిరాతో రెండో కాలమ్‌లో గీత గీశాడు. ఆ కాగితం పట్టుకుని రాజగోపాల్ దగ్గరికి వెళ్తే, "సభలో జవాబు చెప్పేశాం కదండీ. ఇప్పుడు మార్చామంటే వంద ప్రశ్నలు. వచ్చే ఏడాది చూద్దాం," అన్నాడాయన. అక్కడ కూర్చుని పోట్లాడవలసింది. సదాశివరావు "ఎస్ సార్" అని వచ్చేశాడు. ఆ "ఎస్ సార్" ఆయన్ని తర్వాత ఎన్ని రోజులు తిన్నదో చెప్పలేం.

ఇంట్లో హైమవతికి ఒక పట్టుదల పుట్టింది. చాందినికి తెలుగు అర్థమవుతుంది గానీ నోరు తెరిస్తే హిందీయే. కూతురి నోట తెలుగు వినాలని తిరుమలేష్‌కు పెద్ద ఆశ. "మీ నాన్న వచ్చేసరికి నువ్వు తెలుగులో గలగలా మాట్లాడాల," అని తల్లి చెప్పింది. ఆదివారాలు మేనమామ వంతు. కూరగాయల పేర్లతో మొదలుపెట్టి, ఏడాది తిరిగేసరికి కథలు చెప్పించాడు. పిల్ల తెలుగు ముద్దుముద్దుగా ఉండేది. అది ఒక్కో మాట నేర్చుకుంటుంటే ఆయనకు సంతోషమూ, గుండెలో మంటా రెండూ కలిసే వచ్చేవి. మధ్యలో ఒకసారి సెలవు మీద వచ్చిన తిరుమలేష్ ఏదడిగినా "ఆఁ?" అనేవాడు. అలసటేమో అనుకుంది హైమవతి. చాందిని అప్పటికింకా సిగ్గుపడి, తండ్రి ముందు హిందీ వదల్లేదు.

తొంభైఆరు ఏప్రిల్‌లో ముసలమ్మకు జెండా దించారు. తిరుమలేష్ నిజాముద్దీన్ స్టేషన్లో దిగాడు. చాందిని ఉతికిన గౌను వేసుకుని, వారం రోజులు వల్లె వేసిన మాటలు తండ్రి చెయ్యి పట్టుకుని చెప్పింది.

"నాన్నా, ప్రయాణం బాగా జరిగిందా? అమ్మ నీకోసం గుత్తొంకాయ వండుతోంది. నేనే కాయలకి గాట్లు పెట్టాను."

తిరుమలేష్ కూతురి పెదాల వంక చూసి నవ్వాడు. తల నిమిరాడు. "హాఁ బేటా, ఠీక్ హై, సబ్ ఠీక్ హై," అన్నాడు గట్టిగా. పిల్ల ఎప్పటిలాగే హిందీలో మాట్లాడిందనుకున్నాడు.

చాందిని మేనమామ వైపు చూసింది. "నేను తప్పు చెప్పానా మావయ్యా?"

సదాశివరావు పెట్టె ఎత్తుకుని ముందు నడిచాడు.

ఇంటికి వచ్చిన గంటలో హైమవతికి భర్త చెవుల సంగతి తెలిసిపోయింది. ఆమె కేకలు పెట్టలేదు. కళ్ళు తుడుచుకుని మళ్ళీ పొయ్యి దగ్గరికే వెళ్ళింది. తిరుమలేష్ జేబులోంచి చిన్న నోట్‌బుక్ తీసి బావ ముందు పెట్టాడు. "ఏదైనా చెప్పాలంటే దీన్లో రాయి బావా. నాకిప్పుడిదే చెవి," అన్నాడు.

సదాశివరావు పెన్ను తీశాడు. అదే పెన్ను, అదే గుండ్రటి దస్తూరీ. ఈసారి పైన సంతకాలు పెట్టేవాళ్ళెవరూ లేరు. రాసి, పుస్తకం తిప్పి ఇచ్చాడు.

చెవులు పోయినవాళ్ళకు తమ గొంతు ఎంత పైకి లేస్తుందో తెలియదు. తిరుమలేష్ వాకిలి దాకా వినబడేలా చదివాడు. "ముసలమ్మకు ఆ రెండేళ్ళూ రాసింది నేనే. నీ ఉత్తరం చదివాక రాశాను."

వంటింట్లో గరిట చప్పుడు ఆగిపోయింది. హైమవతి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. తిరుమలేష్ ఆ రెండు వాక్యాలూ మళ్ళీ మళ్ళీ చూశాడు. తలెత్తి అడిగాడు.

"లెక్క సరిపోయిందా బావా?"

లేదన్నట్టు తలూపాడు సదాశివరావు. పడమటివాళ్ళ అద్దె ఓడలు అప్పటికే వెళ్ళిపోయాయి, ముసలమ్మ అవసరమే లేకపోయింది. మూడో కాలమ్ ఈ జనవరిలో కూడా పెరిగింది, దాన్ని ఈ ఏడూ ఎవరూ చూడలేదు.

హైమవతి పుస్తకం తీసుకుని కొత్త పేజీ తిప్పి, చాందినిని ఆయన పక్కన కూర్చోబెట్టి, పెన్ను పిల్ల చేతికిచ్చింది.

"మాట్లాడ్డం నేర్పావు. ఇప్పుడు రాయడం నేర్పు," అంది. "అది తెలుగులో నాన్నా అంటే ఆయనకి తెలియాల."

సదాశివరావు పిల్ల వేళ్ళ మీద తన వేళ్ళు వేసి, 'నా' రాయించాడు. గీత వంకరపోయింది. ఆయన దాన్ని కొట్టేయలేదు.